కొట్టినవాడు

మహేశ్వర్‌ను తిడితే మంజులకు తగలదు. ఏడాదిగా ఈ ఏర్పాటు అందరికీ గిట్టుబాటుగానే నడిచింది. తిట్టేవాడికి కోపం దిగుతుంది. తిట్లు తినేవాడు లోకంలో లేడు. మధ్యనున్న మంజుల చెవిలోని వైరు తీసి కాసేపు పక్కన పెడితే సరిపోతుంది. అందుకే ఆ సోమవారం పొద్దున ఓబులేసు అనే రైతు పంపిన గొంతు మొదటిసారి విన్నప్పుడు ఆమె దోసె తినడం ఆపలేదు.

"ఒరేయ్ మహేశ్వరా, యాడుండావురా నువ్వు? ఆరెకరాల జొన్న సున్నం పూసినట్ల తెల్లగయిపాయ. నీ మాట నమ్మి కొడ్తిమి గదరా మందు! ఏ చేత్తో కొట్టినావురా ఆ మెసేజు? ఆ చెయ్యి నాది. గుర్తు పెట్టుకో. ఆ చెయ్యి నాది."

వెనకే ఫోటోలు వచ్చాయి. అవి చూశాక దోసె ముక్క పళ్లెంలో పెట్టేసింది. నల్లరేగడి మీద మోకాలెత్తు పైరు, ఆకు మొదలు నుంచి కొస దాకా ఒక్క పచ్చని గీత లేకుండా పాలిపోయి నిలబడి ఉంది. ఎండితే ఎండినట్టుంటుంది, పురుగు తింటే తిన్నట్టుంటుంది. ఇది రక్తం లాగేసిన ఒంటిలా ఉంది.

మంజుల ఉండేది నంద్యాల నూనెపల్లెలో, ఒక మిద్దె మీది గదిలో. ఆమె పని ఆళ్లగడ్డలో, వరదరాజులు విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల అంగడిలో. ఆ అంగడి ఫోన్‌కు రైతులు తమ గొంతుతో ప్రశ్నలు పంపుతారు. మంజుల తన గదిలో కూర్చునే విని జవాబు టైపు కొడుతుంది. ఆమె కొట్టిన అక్షరాలను యంత్రం మగగొంతుతో చదివి రైతుకు వినిపిస్తుంది. ఆ గొంతుకు పెట్టిన పేరు మహేశ్వర్. పక్కన తలపాగా, గుబురు మీసం ఉన్న ఒక బొమ్మ. "మాకు వర్చువల్ అసిస్టెంటు ఉన్నాడు, రెండు నిమిషాల్లో జవాబు" అని వరదరాజులు బోర్డు మీద రాయించుకున్నాడు. కొందరు రైతులు అది మనిషనుకున్నారు, కొందరు మిషననుకున్నారు, ఆడమనిషని మాత్రం ఎవరూ అనుకోలేదు. "ఆడమనిషి చెప్తే మందు ఎవరు కొడ్తారమ్మా? మీసం చెప్పాల" అన్నాడు వరదరాజులు, పనిలో పెట్టుకున్న రోజే.

ఆమె ఫోన్‌లో వెనక్కి జరిపి చూసింది. పదకొండు రోజుల కింద, పొద్దున ఏడుంబావుకు ఇదే గొంతు మర్యాదగా అడిగింది: "అన్నా, జొన్నచేన్లో గరిక, తుంగ బాగ లేచినాది. కూలోళ్లు దొరకడం లే. ఏం మందు కొట్టాలో జెప్పన్నా." ఆ మాటల వెనక ఎవరో ఆడమనిషి కోళ్లను అదిలిస్తోంది.

వరదరాజులు రాసిచ్చిన జవాబుల పట్టీలో ఏడోది "జొన్న: గడ్డి మందు". దాని కింద ఉన్న సీసా బొమ్మ మీద మొక్కజొన్న కంకి ఉంది. ఆ రోజు అక్కడే మంజుల చెయ్యి ఆగింది. జొన్న వేరు, మొక్కజొన్న వేరు. రొట్టె తట్టిన ఏ చేతికైనా ఆ తేడా తెలుసు. మందుకు ఆ తేడా పట్టింపో కాదో ఆమెకు తెలియదు. వరదరాజులుకు ఫోన్ చేసింది.

"సార్, ఆయన జొన్న అంటాండాడు. సీసా మీద మొక్కజొన్న ఉండాది. ఇదే జెప్పాల్నా?"

అతను ఏదో పెండ్లిలో ఉన్నాడు. వెనక మేళం మోగుతోంది. "ఈ కాలంలో ఉత్త జొన్న ఎవరేస్తాండారమ్మా? అందరూ మొక్కజొన్నే. రెండు నిమిషాలు దాటిపోతాండాది. కొట్టు."

కొట్టింది. ఆమె మెసేజు కొట్టింది, ఓబులేసు మందు కొట్టాడు. ఒక్క మాట మూడు నోళ్లు మారేసరికి ఆరెకరాలు పోయాయి.

ఇప్పుడు మళ్లీ అదే నంబరుకు ఫోన్ చేసింది.

"చూసినా, ఫోటోలు నాకూ వచ్చినాయి" అన్నాడు వరదరాజులు. "నీళ్లు తక్కువ కలిపింటాడు. వాని తప్పే."

"నీళ్లు గాదు సార్, మందే తప్పు. ఆ పొద్దు నేనడిగితే మీరు..."

"మంజులమ్మా." అతని గొంతు మెత్తబడింది. అది మెత్తబడినప్పుడే ఎదుటివాడు జాగ్రత్తపడాలి. "కోపంగ ఉండేవోళ్లకు ఎన్నో నంబరు కొట్టాల?"

"తొమ్మిది."

"మరింకేం. కొట్టు."

తొమ్మిదో జవాబు ఇది: "మీ ఇబ్బందికి చింతిస్తున్నాను. దయచేసి ఒకసారి మన అంగడికి రండి. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందాం. ఎల్లప్పుడూ మీ సేవలో, మీ మహేశ్వర్." ఏడాదిలో నలభైసార్లు పంపి ఉంటుంది. నలభైమందిలో ముప్పైమంది రానే రారు. వచ్చినవాళ్లకు వరదరాజులు టీ తాగించి, మహేశ్వర్ ఇప్పుడే ఊరికి పోయినాడని చెప్పి పంపేవాడు. కోపానికి ఒక అడ్రసు ఇస్తే అది దారిలోనే సగం చల్లారుతుందని అతని నమ్మకం. మామూలు కోపాల విషయంలో ఆ నమ్మకం తప్పలేదు. కానీ ఈ కోపం ఆరెకరాల పొడవుంది.

కొట్టింది. ఓబులేసు దగ్గర నుంచి ఈసారి తిట్టు రాలేదు. ఒక్క మాటే వచ్చింది.

"వస్తాండాం."

*

అంగడి వెనక గోదాములో ఒక కెమెరా ఉంది. సరుకు ఎంతుందో చూసి చెప్పడం కూడా మంజుల పనే కాబట్టి ఆ కెమెరా ఆమె ఫోన్‌లో కనిపిస్తుంది. బొమ్మ తప్ప శబ్దం రాదు. రోజూ పదకొండుకు పెద్దన్న మూటలను ఒక్కొక్కటే తిప్పి, పేరు అచ్చేసిన వైపు కెమెరాకు కనబడేలా పెడతాడు. అతనిది నల్లమల కొండల్లో చెంచుగూడెం. మూడేళ్లుగా ఆ గోదాములో మూటలు మోస్తూ, దానికి ఆనుకుని ఉన్న రేకుల గదిలో పెళ్లాం గురవమ్మతో కాపురముంటున్నాడు. చదువు రాదు. ఏ మూట ఏదో రంగును బట్టి పోల్చుకుంటాడు. మంజుల అతన్ని ఎన్నడూ కలవలేదు. మెడ వంచి మూట కిందికి దూరే తీరు, లేచేటప్పుడు ఎడమకాలు ముందుకు వేసే అలవాటు మాత్రం తన ఇంటి మనిషివన్నట్టుగా తెలుసు.

మంగళవారం అతను పన్నెండో మూట దగ్గరున్నాడు. గుమ్మంలో వెలుగు తగ్గింది. మంజుల ఎవరో సరుకు కోసం వచ్చారనుకుంది. ఏడుగురు వచ్చారు. అయిదుగురి చేతుల్లో కర్రలు, ఒకడి చేతిలో పార ఊడదీసిన కామ, లావుపాటి పిడికర్ర. ఏడోవాడు వరదరాజులు చొక్కా మెడ దగ్గర పట్టుకుని లోపలికి తోసుకొచ్చాడు.

వరదరాజులు రెండు చేతులూ చాచి ఏదో చెబుతున్నాడు. పట్టుకున్నవాడు విదిలించాడు. మళ్లీ ఏదో అడిగాడు. అప్పుడు వరదరాజులు కుడిచెయ్యి లేచింది. చూపుడువేలు తెరుచుకుంది. వేలు చూపడానికి మూట దించేంత సేపు కూడా పట్టలేదు. ఆ వేలు చివర పెద్దన్న ఉన్నాడు, మెడ మీద నలభై అయిదు కిలోల మూటతో.

వాళ్లు పెద్దన్నను ఏదో అడిగారు. పెద్దన్న యజమాని వైపు చూశాడు. యజమాని తల ఊపాడు. ఆ తల ఊగితే మూట ఎత్తాలి, మళ్లీ ఊగితే దించాలి. మూడేళ్లుగా అతనికి తెలిసిన భాష అదే. పెద్దన్నా తల ఊపాడు.

మొదటి దెబ్బ మూట మీద పడింది. మూట జారి పగిలి యూరియా తెల్లగా నేల మీద పరుచుకుంది. రెండోది వీపు మీద. మూడోదానికి అతను మోకాళ్ల మీద పడ్డాడు. కింద పడ్డవాణ్ని కొట్టడంలో ఒక సులువుంది, గురి చూసుకునే పనిలేదు. నాలుగు, అయిదు. ఒక దెబ్బ మూతి మీద పడ్డప్పుడు అతను ఎడమచేత్తో నోరు మూసుకున్నాడు, ఏదో అనకూడని మాట అన్నవాడిలా.

మంజుల ఫోన్‌లో అరిచింది. ఆ కెమెరా అరుపులు తీసుకుపోయేది కాదు. వరదరాజులుకు ఫోన్ కలిపింది. తెర మీద అతను గోడ వారగా నిలబడి, జేబులో నుంచి ఫోన్ తీసి, పేరు చూసి, మళ్లీ జేబులో పెట్టుకోవడం ఆమెకు కనిపించింది.

అదే సమయంలో ఫోన్ టింగుమంది. "అన్నా, మిరపలో ఆకు ముడుచుకుంటాండాది." గడియారం గుర్తు పచ్చగా మొదలై ఎర్రబడసాగింది. ఆమె బొటనవేలు తనంతట తానే పోయి పన్నెండో జవాబు నొక్కింది. మళ్లీ టింగు. శనగల విత్తనాలున్నాయా? ఉన్నాయని కొట్టింది.

తిరిగి చూసేసరికి ఇద్దరు పెద్దన్న కుడిచేతిని లాగి కాటా పళ్లెం మీద పరిచారు. మూటలు తూచే కరెంటు కాటా అది. పార కామ లేచింది. దెబ్బ పడగానే కాటా మీది ఎర్రటి అంకెలు ఎగిరి నూట నలభై దాకా పోయి సున్నాకు వచ్చాయి. మళ్లీ లేచింది. నూట అరవై. మళ్లీ సున్నా. దేన్ని పెట్టినా తూచడమే దాని పని, తూచింది.

వాళ్లు పోయాక వరదరాజులు గోదాము షట్టరు సగం దించాడు.

*

"ప్రాణానికేం భయం లేదులే" అన్నాడు వరదరాజులు బుధవారం పొద్దున. "నంద్యాల పెద్దాసుపత్రిలో చేర్పించినా. చెయ్యి రెండు చోట్ల ఇరిగినాది, ప్రక్కటెముక ఒకటి. బతికిపోయినాడు. ఇప్పుడు మనం బతకాల."

"మీరెందుకు వేలు చూపిచ్చినారు సార్?"

ఆ కెమెరా సంగతి అతను మర్చిపోయినట్టున్నాడు.

"చూపకపోతే నా తల తీస్తాండిరి. నువ్వొచ్చి అడ్డం పడుంటివా?" గొంతు మళ్లీ మెత్తబడింది. "ఇను. శుక్రవారం మన గోదాములోనే పంచాయితి. వాళ్ల ఊరి రాములమ్మ వస్తాండాది. పోయినసారి సర్పంచి ఆమె, ఆమె మాటంటే మాటే. పెద్దన్న అందర్లో ఒప్పుకుంటాడు. 'నేనే మహేశ్వర్‌ను, యజమానిని అడక్కుండ నేనే కొట్టినా' అని. అంతే. పోలీసులకు అప్పజెప్తారు. ఒకట్రెండు నెలలు లోపలుండి వస్తాడు. అంగడి లైసెన్సు నిలుస్తాది, నీ పనీ నిలుస్తాది."

"ఆయప్పకు చదువే రాదు గద సార్. మెసేజు ఎట్ల కొట్టింటాడు?"

"నోటితో జెప్తే మిషనే కొడ్తాది గదమ్మా. అట్ల జెప్పమను. అందుకే నిన్ను పొమ్మంటాండేది. నువ్వు నంద్యాల్లోనే ఉండావు. ఆ నాలుగు ముక్కలు బాగ నేర్పు."

"ఒప్పుకోకపోతే?"

"గది ఖాళీ చేస్తాడు. ఇంగ ఫోన్లో ఆ ఓబులేసుగాని మాటలన్నీ తుడిచేయ్. ఈ పొద్దే."

ఆమె తుడిచేసింది. ప్రశ్న, జవాబు, ఫోటోలు, తిట్టు, ఒక్కొక్కటే నొక్కి తుడిచింది. ఫోన్‌కు మరుపు నేర్పడం తేలిక. చెవికి అది రాలేదు. గురువారం ఆసుపత్రి మెట్లెక్కుతుంటే వెనక కోళ్లను అదిలించే గొంతుతో సహా అంతా వినిపిస్తూనే ఉంది.

పెద్దన్న మంచం మీద కూర్చునే ఉన్నాడు. పడుకుంటే ఎముక పొడుస్తోంది. కుడిచెయ్యి వేళ్ల దాకా కట్టు. పైపెదవి కుట్లేసి ఉబ్బి ఉంది. కింద నేల మీద గురవమ్మ చెంబులో గంజి కలుపుతోంది.

"నువ్వెవరమ్మా?" అంది.

"ఆళ్లగడ్డ అంగడి నుంచి."

"ఓ. మాటలు నేర్పనీకెనా? సేటు ఫోన్ జేసినాడు." గురవమ్మ మొగుడి వైపు తిరిగింది. "లే, అయ్యవారమ్మ వచ్చినాది. పాఠం అప్పజెప్పు."

పెద్దన్న అప్పటికే సాధన మొదలుపెట్టాడు. పగిలిన పెదవి సహకరించడం లేదు. "నేనే మహేచ్చర్... మహేచ్చర్..." మూడోసారికి ఆగి, మంజులను చూసి నవ్వబోయాడు, కుట్లు లాగాయి. "ఏడాదిగ ఒకే అంగట్లో ఉండి ఆయప్ప మొగమే చూడలేదమ్మా నేను. యాడుంటాడో, ఎట్లుంటాడో. ఇప్పుడు సూడు, నేనే ఆయప్పనైతి."

"ఆయప్ప నా కంట పడాల" అంది గురవమ్మ. "గంజి పొయ్యిమీంచి దించి నెత్తిన పోస్తా."

"వాళ్లు మీసం యాదిరా అనడిగితే ఏం జెప్పాలమ్మా?" పెద్దన్న నిజంగానే అడుగుతున్నాడు. "బొమ్మలో మీసముండాదంట గదా."

మంజుల మంచం దగ్గరికి జరిగింది.

"మహేశ్వర్ అని ఎవరూ లేరు" అంది. "ఆ మెసేజులన్నీ కొట్టేది నేనే. ఆ మందు జెప్పింది గూడా నేనే."

గురవమ్మ చెంబు కింద పెట్టింది. పైట కొంగుకు చెయ్యి తుడుచుకుంది. లేచి నిలబడి మంజుల చెంప మీద కొట్టింది. వార్డంతా తిరిగి చూసింది. మంజుల చెవిలో గుయ్యిమంది, పన్ను తగిలి నాలుక చివర తెగింది. గురవమ్మ ఆమె కుడిచెయ్యి పట్టుకుని, తిప్పి, వేళ్లు ఒక్కొక్కటే చూసింది.

"బాగుండాది నీ చెయ్యి" అంది.

"గురవా, ఇడ్సు" అన్నాడు పెద్దన్న.

గురవమ్మ వదిలేసింది. "ఈ మాట ఈడ నాకు జెప్తే మా ఆయనకేమొస్తాది? శుక్రవారం ఆడికొచ్చి జెప్పు."

"నన్నూ కొడ్తారు."

"ఆ. కొడ్తారు" అంది గురవమ్మ, మళ్లీ గంజి కలుపుకుంటూ.

*

శుక్రవారం ఎనిమిదింటి బస్సుకు మంజుల ఆళ్లగడ్డలో దిగింది. అంగడి ముందు షట్టరు మూసి ఉంది. సందులో నుంచి వెనక్కి పోయింది. గోదాములో నేల కడిగారు గానీ మూలల్లో యూరియా ఇంకా తెల్లగా ఉంది. ఇరవైమంది దాకా మూటల మీద, నేల మీద కూర్చున్నారు. నడుమ ప్లాస్టిక్ కుర్చీలో రాములమ్మ, ఒక దవడ కింద ఆకువక్క. ఆమె చెప్పినట్టే కర్రలన్నీ గోడకు ఆనించి ఉన్నాయి. వరదరాజులు ఆమె పక్కన నిలబడి, వినయంగా చేతులు కట్టుకున్నాడు. పెద్దన్నను కాటా దగ్గర నేల మీద కూర్చోబెట్టారు. వెనక గురవమ్మ.

"ఊఁ, నువ్వేనా ఆ మహేశ్వర్?" రాములమ్మ పెద్దన్నను అడుగుతోంది.

"ఆయప్ప గాదు, నేను" అంది మంజుల గుమ్మంలో నుంచి.

వరదరాజులు కట్టుకున్న చేతులు విడివడ్డాయి. అంతలో తేరుకున్నాడు. "ఎవరమ్మా నువ్వు? ఈ పొద్దు అంగడి లేదు. రేపు రా."

"నేనే మహేశ్వర్."

ఎవరో పకపకా నవ్వారు. "మీసం ఇంట్లో పెట్టొచ్చినావామ్మా?" అన్నాడొకడు. ఇంకా నవ్వారు.

మంజుల ఆ గొంతు వచ్చిన వైపు తిరిగింది. మనిషిని ఎప్పుడూ చూడలేదు, గొంతు మాత్రం తెలుసు. గళ్ల లుంగీ, మెడలో తాయెత్తు. "నువ్వు మద్దిలేటివి" అంది. "ఓబులేసన్న తమ్మునివి. నీ పసుపులో దుంప కుళ్లుతాండాదని పోయిన నెల మూడుసార్లు అడిగినావు. మూడోసారి 'అన్నా, కన్ను మూతపడడం లేదన్నా' అన్నావు. నేను పద్నాలుగో జవాబు కొట్టినా."

మద్దిలేటి తాయెత్తు పట్టుకుని వెనక్కి జరిగాడు. గోడ దగ్గరెవరో దగ్గారు.

"ఆ దగ్గు గూడా నాకు తెలుసు. ఆ పెద్దాయన శనగకు ఎండుతెగులని ఫోటో పంపినాడు. ఫోటోలో బొటనవేలే పడినాది, మొక్క పడలే. మళ్లా పంపమంటి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. కొందరు తాము ఆ ఫోన్‌లో ఏమేం చెప్పుకున్నారో తలుచుకుంటున్నట్టు కిందికి చూశారు.

"ఓబులేసన్న ఎవరో నాకు తెలీదు. ఇంకా నోరు తెరవలే" అంది మంజుల.

"తెరిస్తే?" ముందు వరసలో గడ్డం పెరిగిన మనిషి.

"నువ్వే."

అప్పుడు చెప్పింది. అతను అడిగిన ప్రశ్న అతని మాటల్లోనే, కోళ్లతో సహా చెప్పింది. సీసా మీది కంకి, తాను చేసిన ఫోన్, పెండ్లి మేళం, వరదరాజులు ఇచ్చిన జవాబు చెప్పింది. "'కొట్టు' అన్నాడు. కొట్టినా. ఇంకోసారి అడిగిండాల. అడగలే. ఆ సగం నాది. తొమ్మిదో జవాబు కొట్టి మిమ్మల్ని ఈడికి పిల్చింది గూడా నేనే."

"అబద్ధం" అన్నాడు వరదరాజులు, నొచ్చుకున్నట్టుగా. "ఎవరో ఈమెకు నేర్పిచ్చి పంపినారు. రాములక్కా, ఈ యమ్మ పేరు గూడా నాకు తెలీదు. నా మహేశ్వర్ ఇగో, నీ ముందరే ఉండాడు. మొన్న అందర్లో తల ఊపినాడు గదా."

రాములమ్మ దవడ మార్చుకుంది. "నువ్వు జెప్పురా" అంది పెద్దన్నతో.

పెద్దన్న తల ఎత్తి పైన కెమెరాను, తర్వాత మంజులను చూశాడు. "అమ్మా, ఆ డబ్బాలో కనపడేది నీకేనా?"

"నాకే."

"మంగళారం చూస్తాంటివా?"

"చూస్తాంటి."

"చూస్తా ఏం జేసినావు?"

"రెండు మెసేజులు కొట్టినా."

పెద్దన్న ఆ జవాబును మెడ మీదికి ఎత్తుకుని బరువు చూసినట్టు కాసేపు కదలకుండా ఉన్నాడు. అన్నివైపులా ఎంత అబద్ధం నడుస్తోందో అతనికి తెలుసు. ఈ ఒక్క మాట మాత్రం నిజమని తూగినట్టుంది.

"పెద్దన్నా, గది సంగతి..." అన్నాడు వరదరాజులు మెల్లగా.

"రేకులు నీవి సేటూ" అన్నాడు పెద్దన్న. ఉబ్బిన పెదవితో ప్రతి మాటా విడివిడిగా పలికాడు. "పేరు నాది. నేను పెద్దన్నను. మా నాయన పేరు గుడ్డెన్న. నాకు మెసేజు కొట్టేది రాదు. తల ఊపమంటే ఊపినా."

మద్దిలేటి లేచాడు. అతని వెనక నలుగురు లేచారు. కర్రలు గోడను వదిలాయి. రాములమ్మ "కూర్చోండ్రా" అంటోంది, వాళ్ల చెవికి ఎక్కడం లేదు. వరదరాజులు వెనక్కి జరిగి కాటాకు తగులుకున్నాడు. అంకెలు ఎర్రగా లేచాయి. అతని కళ్లు మనుషుల్లో ఒక్క ముఖం కోసం వెతికాయి.

"మంజులమ్మా! జెప్పమ్మా వీళ్లకు! నువ్వు జెప్తే ఇంటారు, జెప్పు మంజులమ్మా!"

రాములమ్మ నోట్లో నములుడు ఆగింది. "పేరు తెలీదంటివే?" అంది.

అందరూ విన్నారు. విన్నది మనసుకెక్కేలోపే మద్దిలేటి కర్ర పైకి లేచింది. వరదరాజులు రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముడుచుకున్నాడు. పెద్దన్న ముడుచుకున్నట్టే. మంజుల ఎప్పుడు కదిలిందో ఆమెకే తెలియదు. "కొట్టొద్దు" అని అరిచింది. మగగొంతు కాదు, యంత్రం కాదు, గీరుకుపోయిన ఆడగొంతు. కర్ర సగం ఆగింది, మిగతా సగం ఆమె ముంజేతి మీద పడింది. ఎముక మీద మంట భుజం దాకా పాకింది. పడిపోకుండా కాటా స్తంభం పట్టుకుంది.

మద్దిలేటి చేతిలో కర్రను తానే కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "అడ్డమెందుకొచ్చినావమ్మా? నిన్ను తెలీదన్నోడే గదా."

"మంగళారం రాలేదు" అంది మంజుల.

"కర్ర కింద పెట్టు" అన్నాడు ఓబులేసు తమ్ముడితో. అతని గొంతు పెద్దది కాదు, అయినా కర్రలు ఒక్కొక్కటే గోడకు చేరాయి.

గురవమ్మ ముందుకొచ్చి ఓబులేసు ఎదురుగా నిలబడింది. "అప్పా, అంగట్లో తప్పు సరుకిస్తే వాపసు తీసుకుంటారు. మా ఆయనకు మీరిచ్చింది ఎట్ల తీసుకుంటారు?"

ఓబులేసు భుజం మీది తువ్వాలు తీశాడు. దాన్నేం చేయాలో తెలియక చేతిలో నలిపాడు. చివరికి నేల మీద పెద్దన్న ఎదురుగా చతికిలబడి కూర్చున్నాడు. "అది తీసుకునేది కాదమ్మా" అన్నాడు. "నా చెయ్యి గూడా ఎవని మాటో నమ్మి కొట్టినాది."

రాములమ్మ వక్క ఉమ్మి వచ్చి, నిలబడే తీర్పు చెప్పింది. వరదరాజులు ఇప్పుడే తనతో పోలీసుస్టేషనుకు, అక్కణ్నించి వ్యవసాయాఫీసుకు నడిచి, మందు ఎవరు చెప్పమన్నారో, వేలు ఎవరు చూపారో తన నోటితో చెప్పాలి. కొట్టినవాళ్లు ఏడుగురూ వెనకే వచ్చి తమ పేర్లు చెప్పాలి. పెద్దన్న చెయ్యి అతికేదాకా ఆ రేకుల గది తలుపు ఎవరైనా ముట్టుకుంటే తానొస్తుంది. వరదరాజులు లైసెన్సు గురించి ఏదో గొణిగాడు. "నడువ్" అంది రాములమ్మ.

మనుషులు బయటికి కదిలారు. మంజుల ముంజెయ్యి అప్పటికే ఉబ్బి నీలంగా మారింది. గురవమ్మ దాన్ని చూసింది. చెంబులో నీళ్లు తెచ్చి, తన కొంగు చింపి తడిపి బిగించి కట్టింది. కట్టేటప్పుడు మెత్తగా కట్టలేదు.

సందు చివర ట్రాక్టరు దగ్గర ఓబులేసు ఆగి ఉన్నాడు. స్టేషన్లో పేరు చెప్పాలి, ఆ తర్వాత ఏమవుతుందో తెలియదు. అయినా రైతుకు చేను చేనే. మంజుల దగ్గరికి రాగానే అడిగాడు.

"విత్తే అదును ఇంకా పది దినాలుండాది. ఆ చేన్లో ఇప్పుడు ఏమేస్తే లేస్తాది? నువ్వే గదా చెప్పేదానివి. జెప్పు."

పట్టీలో జవాబులు నలభై ఉన్నాయి. ఏదో ఒకటి చెప్పొచ్చు. అతను నమ్ముతాడు కూడా.

"తెలీదు" అంది.

"ఏందీ?"

"తెలీదన్నా. ఆ మందు నేలలో ఎన్నాళ్లుంటాదో నాకు తెలీదు. నేను చేను చూడలే. మట్టి చూడలే. చూసి, ఆ మట్టి తీసుకుని నంద్యాల పరిశోధన కేంద్రంలో అడగాల. అంతదాంక ఏం ఏయొద్దు."

ఓబులేసు ముఖంలో కోపం కోసం వెతికితే కనబడలేదు.

"ఈ మాట ఆ పొద్దు జెప్పింటే" అన్నాడు, "నాకు ఒక దినం పోతుండె. అంతే. ఎక్కు, స్టేషన్లో పేరు జెప్పి అట్నుంచి చేనికి పోదాం."

ట్రాక్టరు ఎక్కి, ఆమె కాలు పెట్టేందుకు చోటిచ్చి, తాళం తిప్పాడు.